రోమన్ మట్టి దీపం: ఆనాటి నకలా, ఈనాటి నకిలీనా?

నమస్కారం. మా మేనమామ ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు కొన్న మట్టి దీపం ఇప్పుడు నా దగ్గరుంది. ఎర్ర పూత, బొడిపెలాంటి పిడి, నడుమ క్రీస్తు గుర్తు, నూనె పోయడానికి రెండు రంధ్రాలు. 5వ శతాబ్దంలో ట్యునీషియా ప్రాంతంలో చేసిన దీపాల పోలికే. కానీ అంచు నగిషీ బాగా మసకగా ఉంది.

అప్పటి కుమ్మరులు కూడా తయారైన దీపం మీదే అచ్చు తీసి నకళ్లు చేసేవారు. మట్టి ఆరి, కాలేటప్పుడు కుంచించుకుపోవడంతో అవి కాస్త చిన్నవయ్యేవి, నగిషీ కూడా మసకబారేది. అందుకే ఆ మసక చూసి కొత్తదని కొట్టిపారేయలేకపోతున్నాను.

రెండు సగాలు అతికిన గీత, అడుగుభాగం, మూతి దగ్గరి మసి: వీటిలో దేన్ని నమ్మవచ్చు? మసి పోతుందని కడగలేదు. మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో అంచనా వేసే థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష చేయించిన వాళ్లెవరైనా ఉంటే, దీపం నుంచి ఎంత మట్టి తీశారో దయచేసి చెప్పండి.