ప్యాంటు సైజు మారలేదంటే లావెక్కనట్టేనా?

గుంటూరు_మూర్తి: ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టారు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క, 24.9 అని వేసి పక్కన 'అధిక బరువు' అని రాసిచ్చారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడిదీ ఇంచుమించు ఇదే ఎత్తు, ఇదే బరువు. అక్కడ వాడికి నార్మల్ అన్నారు. ఒకే అమ్మ కడుపున పుట్టినవాళ్లకి రెండు లెక్కలేమిటి? నేను కాలేజీ రోజుల నుంచీ 34 ప్యాంటే వేస్తున్నాను. నా ఒంటి సంగతి నాకు తెలియదా?

బాలు_నల్గొండ: 72 కిలోలకే లావంటే ఇగ మేమెక్కడికి పోవాలె అన్నా.

ల్యాబ్_రఘు: మూర్తి గారూ, గీతలు రెండున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు లెక్కలో 25 నుంచి అధిక బరువు. ఆసియావాళ్లు 23 దగ్గరే జాగ్రత్తపడాలని ఆ సంస్థ నిపుణులే 2004లో చెప్పారు. 2009లో మన డాక్టర్లు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని ఖాయం చేశారు. అదే బరువుకి మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్టలోనే చేరుతుంది. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆసియా మూలాలున్నవాళ్లకి 23 నుంచే షుగర్ పరీక్ష చేయమంటోంది. మీ తమ్ముణ్ణీ ఒకసారి చూపించుకోమనండి.

గుంటూరు_మూర్తి: ఫొటోలో ఉన్నది ఇద్దరు మనుషులు. దాన్ని బట్టి దేశం మొత్తానికి గీత గీస్తారా? సరే, పొట్ట అన్నారు కాబట్టి పొట్ట లెక్కే చూద్దాం. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది 34 అంగుళాలు, అంటే 86. ఇంకేం కావాలి?

ల్యాబ్_రఘు: ప్యాంటు ఎక్కడ కడుతున్నారు? బెల్టు బొడ్డు కిందకి జారితే ఆ 34 మీ నడుము కొలత కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. పొట్ట లోపలికి బిగబట్టకూడదు. మా క్యాంపులకి 34 ప్యాంటుతో వచ్చి టేపులో 39, 40 తేలినవాళ్లు ఎంతోమంది. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు కిందకి దిగుతుంది, సైజు అలాగే ఉంటుంది, మనిషి తాను మారలేదనే అనుకుంటాడు.

గుంటూరు_మూర్తి: నా బెల్టు ఎక్కడుందో చూడకుండానే చెప్పేస్తున్నారు. మా నాన్న 52 కిలోల మనిషి, బక్కపలచన. షుగర్ వచ్చింది, ఆఖరికి కాలు తీసేశారు. సన్నగా ఉన్నాడు కదా అని ఒక్క డాక్టరూ ముందు పరీక్ష రాయలేదు. మీ బీఎంఐ ఆయనకేం చేసింది?

ల్యాబ్_రఘు: నేను చెప్పేదీ అదే సార్. చూడ్డానికి సన్నగా ఉంటే చాలదనే గీత కిందకి దించారు, నడుము కొలవమన్నారు.

గుంటూరు_మూర్తి: మా నాన్నకి 23 కూడా లేదు. గీత దించితే ఏం ఒరిగేది?

ఒట్టావా_కిరణ్: నా బీఎంఐ 28. వీడియో కాల్ చేసినప్పుడల్లా మా అమ్మ 'చిక్కిపోయావురా' అంటుంది.

సుజాత_హన్మకొండ: మా అమ్మాయి ఇంటర్. 158 సెంటీమీటర్లు, 50 కిలోలు. బీఎంఐ 20. ఏ గీత ప్రకారం చూసినా నార్మలే. పిల్ల మాత్రం తాను లావని నమ్ముతోంది. టిఫిన్ మానేస్తోంది, ఫొటో అంటే అందరి వెనక్కి పోయి నిలబడుతోంది. పొట్ట వచ్చిన మగవాళ్లకి అది కనపడదు, లేని లావు ఆడపిల్లలకి కనపడుతోంది. దీని గురించి మాట్లాడరేం?

గుంటూరు_మూర్తి: మేడమ్, అది వేరే సమస్య. వేరే థ్రెడ్ పెట్టండి. ఇక్కడ ప్రశ్న 23 సరైనదా కాదా అని.

సుజాత_హన్మకొండ: వేరే కాదండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో అధిక బరువు మగవాళ్లలో 32.3 శాతం, ఆడవాళ్లలో 30.1. అదీ 25 గీతతో. మగవాళ్లే ఎక్కువున్నారు. అయినా కాన్పయిన రెండో నెలలో బంధువుల పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర మాటలు పడింది నేను. పక్కనే చొక్కా గుండీలు పట్టక కూర్చున్న మా ఆయన్ని 'ఒళ్లు చేశాడు, సుఖంగా ఉన్నాడు' అన్నారు.

ల్యాబ్_రఘు: ఆంధ్రలో మాత్రం ఆడవాళ్లే ఎక్కువండి. 36.3, మగవాళ్లు 31.1.

సుజాత_హన్మకొండ: ఆంధ్రలో మగవాళ్లని మాటలంటున్నారని మీ లెక్కలో ఉందా?

బాలు_నల్గొండ: లావున్నోళ్లకు లావని చెప్పకుంటే ఎట్ల తెలుస్తదక్కా?

సుజాత_హన్మకొండ: బాలూ, మా పాప స్కూల్లో ఉన్నప్పుడు పీటీ సారు బరువులు తూచి క్లాసులో అందరి ముందూ చదివాడు. ఆ రోజు నుంచీ మొదలైంది ఇదంతా. ఎవరు అడిగారని చెప్పడం? మూర్తి గారికి ఒక్క కాగితం మీద రాసిస్తేనే ఇంత బాధ. మా ఆడవాళ్లం రోజూ వింటున్నాం.

గుంటూరు_మూర్తి: నేను వినట్లేదని మీకెవరు చెప్పారు? ఇంట్లో రోజూ ఇదే. మా ఆవిడ చుట్టాల ముందు నా పళ్లెంలోంచి అన్నం తీసేస్తుంది. 'మీ నాన్నలాగే పోతారు' అంటుంది. పిల్లలు వింటుంటారు. ఆ కాగితం ఇంటికి తీసుకెళితే ఇంకేం జరుగుతుందో నాకు తెలుసు. నాకు 23 మీద కోపం కాదు, అది ఎవరి చేతికి వెళుతుందన్నదే.

సుజాత_హన్మకొండ: ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే నేను మీ పక్షానే ఉండేదాన్ని. కానీ ఆవిడ భయం కూడా చూడండి. మామగారి కాలు తీసేయడం ఆవిడా చూసే ఉంటుంది.

ల్యాబ్_రఘు: మీ ఇద్దరితోనూ ఒక దగ్గర ఒప్పుకోను. మాటలు పడతామని కొలతే వద్దంటే, నష్టపోయేది మనమే. మీ నాన్నగారికి ముందే రక్త పరీక్ష చేయలేదన్న బాధ మీకుంది. మరి మీరు చేయించారా? ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి బరువుతో పని లేకుండా పరీక్ష అవసరం.

గుంటూరు_మూర్తి: ఇచ్చాను. రిపోర్టు గురువారం. నార్మల్ వస్తే ఇక్కడే పెడతాను.

సుజాత_హన్మకొండ: నార్మల్ రాకపోయినా పెట్టండి.

బాలు_నల్గొండ: రఘన్నా, టైలర్ టేపు నడుస్తదా?

ల్యాబ్_రఘు: నడుస్తుంది. సాగిపోయిన పాతది కాకుండా చూసుకో. చొక్కా మీద నుంచి కొలవకు.