ఇంటర్ తర్వాత స్కాలర్‌షిప్‌లు ఏవి ఉంటాయి, ఇప్పట్నుంచే ఏటి రెడీ చేసుకోవాలి?

గరివిడి అమ్మాయి:
నమస్తే అండీ. చీపురుపల్లిలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను, మాది గరివిడి దగ్గర పల్లెటూరు. నాన్న మాంగనీసు గనిలో కాంట్రాక్టర్ కింద పనిచేస్తారు, అమ్మ పొలం పనులకి ఎల్తాది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకొస్తే బీటెక్, లేకపోతే బీఎస్సీ. కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటాది అంటున్నారు గానీ హాస్టలు, పుస్తకాలు, లాప్‌టాప్ అవన్నీ ఎలగ అన్నదే మా ఇంట్లో రోజూ మాట. వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది, 1,500 కడితే 50,000 స్కాలర్‌షిప్ గ్యారంటీ అట, నిజమేనా? చెల్లి జడ్పీ స్కూల్లో ఎనిమిది, దానికీ ఏవైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

బీటెక్ రెండో ఏడు, విజయనగరం:
చెల్లీ ముందు ఆ 1,500 కట్టకు, అది పక్కా మోసం. కేంద్రం వాళ్ళ వెబ్‌సైట్ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చెయ్యడానికి ఒక్క రూపాయి ఫీజు లేదు, నెట్ సెంటర్‌లో చేయిస్తే వాళ్ళకిచ్చేదే ఖర్చు. నాకు ప్రగతి అనే స్కాలర్‌షిప్ వస్తోంది, ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ చదువుల్ని చూసే కేంద్ర సంస్థ) వాళ్ళది, అమ్మాయిలకే, ఏడాదికి 50,000. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకూ ఇస్తారు, బీటెక్ ఫస్టియర్‌లో చేరగానే పెట్టుకోవాలి, డిప్లొమాకి కూడా ఉంది.

కానీ మార్కులున్నా కాగితాల దగ్గర ఆగిపోతున్నవాళ్ళు మా హాస్టల్లోనే ఎంతమందో. మన పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటాది, ఆధార్‌లో చూస్తే ఒక్క అక్షరం ఉంటాది, కొందరికి పుట్టినతేదీ జనవరి 1 అని పడిపోయుంటాది. మా రూమ్మేట్‌కి మెమోలో ఒక స్పెల్లింగు ఆధార్‌లో ఒకటి, కాలేజీలో వెరిఫై చేసే దగ్గరే ఆపేశారు, సరిచేయించేసరికి లాస్ట్ డేట్ అయిపోయింది. బ్యాంకులో కూడా ఆధార్ లింకయిందా అని అడిగి వచ్చెయ్యకు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బులు ఏ ఖాతాలో పడాలో చెప్పే లింకు) ఏ ఖాతాకి ఉందో అడుగు, కొత్త ఖాతా తెరిచినా మ్యాపింగ్ పాతదానికుంటే డబ్బులు పాతదాన్లోనే పడతాయి. అప్లై చేశాక కాలేజీలో వెరిఫై చేశారో లేదో నువ్వే వెంటపడి కనుక్కోవాలి, అడక్కపోతే అలగే ఉండిపోతాది.

జూనియర్ లెక్చరర్, శ్రీకాకుళం:
అమ్మా, నువ్వు ఇంటర్లో ఉండగానే అడిగినందుకు చాలా సంతోషం, మా పిల్లలు చాలామంది డిగ్రీలో చేరిపోయాక వచ్చి అడుగుతారు. ఇంటర్ బోర్డులో నీ గ్రూపులో 80 పర్సెంటైల్ దాటితే, అంటే పాసైనవాళ్ళలో పై 20 శాతంలో ఉంటే, కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కి పెట్టొచ్చు, ఆదాయం 4.5 లక్షల లోపు, డిగ్రీ మూడేళ్ళు ఏడాదికి 12,000, పీజీలో 20,000. ఇందులో మెలిక ఏమిటంటే రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్ళకి ఇది రాదు. ప్రగతికి కూడా వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉండకూడదనే రూలుంది. కాబట్టి సీటొచ్చాక కాలేజీ ఫీజెంత, ఏది తీసుకుంటే మీ ఇంటికి ఎక్కువ మిగులుతుంది అని కాగితం మీద లెక్కేసుకుని ఒకటి ఎంచుకో. బీఎస్సీకి వెళ్తే ఇన్‌స్పైర్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ ఉంది, బోర్డులో టాప్ 1 శాతంలో ఉండాలి, ఏడాదికి 80,000, బీటెక్‌కి వర్తించదు.

మీ చెల్లి విషయం ఆలస్యం చెయ్యొద్దు. ఎన్‌ఎంఎంఎస్ అని ప్రభుత్వ, జడ్పీ స్కూళ్ళ పిల్లలకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, దాని పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, మళ్ళీ ఛాన్సుండదు. ఏడులో 55 శాతం ఉండాలి, ఆదాయం 3.5 లక్షల లోపు, జడ్పీ స్కూలు కాబట్టి అర్హత ఉంది. రెండు పేపర్లు, రీజనింగుకి 90 ప్రశ్నలు, సబ్జెక్టులకి 90. సెలెక్టయితే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000, కానీ ప్రతి ఏడాదీ పోర్టల్‌లో రెన్యువల్ చెయ్యాలి, పదిలో 60 శాతం తెచ్చుకోవాలి. హెడ్మాస్టరు గారిని రేపే అడగమను. పది అయ్యాక ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ కూడా గుర్తుపెట్టుకోండి, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ కోర్సులో సీటు, ప్రభుత్వ స్కూలు పిల్లలకి అదనంగా కొంత కలుపుతారు.

పలాస అన్న:
నాన్నగారిది మాంగనీసు గని అన్నావు కదా తల్లీ, దానికీ ఒకటుంది, మనోళ్ళలో చాలామందికి తెలీదు. కేంద్ర కార్మిక శాఖది, బీడీ కార్మికులు, సినిమా కార్మికులు, ఇనుము మాంగనీసు క్రోమైటు గనుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకి, ఒకటో తరగతి నుంచి ప్రొఫెషనల్ కోర్సులదాకా, కోర్సుని బట్టి ఏడాదికి 25,000 వరకూ ఇస్తారు. అప్లై చేసేది అదే పోర్టల్‌లో. నాన్న కనీసం ఆరు నెలలు పనిచేసుండాలి, కాంట్రాక్టర్ కిందయినా పర్లేదు, కాకపోతే గనిలో పనిచేస్తున్నట్టు గుర్తింపు కార్డో రాతపూర్వకంగానో ఉండాలి. అది మాత్రం ఇప్పుడే అడిగి పెట్టుకోండి, కాంట్రాక్టరు మారిపోతే పాతాయన దొరకడు.

గరివిడి అమ్మాయి:
అందరికీ చాలా చాలా థాంక్సండీ, గని స్కాలర్‌షిప్ సంగతి నాన్నకి కూడా తెలీదు, రేపే కాంట్రాక్టర్‌ని అడుగుతానన్నారు. నా ఆధార్ ఇప్పుడే చూశాను, ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. అదెలా మార్పించాలి?

బీటెక్ రెండో ఏడు, విజయనగరం:
పది మెమో ఒరిజినల్ పట్టుకుని ఆధార్ సెంటర్‌కి ఎల్లు చెల్లీ. పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ అయితే ఒక్కసారే. అందుకని వాళ్ళు టైపు చేశాక మెమో పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో ఒక్కో అక్షరం సరిచూసుకో, అప్పుడే ఓకే చెప్పు.