మిల్లులో 39, ల్యాబ్‌లో 43: నూనె శాతం విషయంలో దేన్ని నమ్మాలి?

ఎర్రనేల:
అందరికీ నమస్కారం అండి. పొద్దుతిరుగుడు గురించి ఒక డౌట్, కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. మేం నలుగురైదుగురం రైతులం కలిసి ఈసారి నూనె ఎక్కువొచ్చే హైబ్రిడ్ అని చెప్తే అదే వేశాం, విత్తనం ఖరీదైనా సరే అనుకున్నాం. తీరా మిల్లుకి తోలుకెళ్తే మామూలు రకానికీ మాదానికీ ఒకటే రేటు. కాటా వేసి, తేమకి ఇంత చెత్తకి ఇంత అని తరుగు తీసేసి మిగతా బరువుకి డబ్బులిచ్చారు, అంతే. నూనె శాతం చూడరా అనడిగితే మిషన్‌లో గింజలు పోసి చూపించారు, 39 అని పడింది, ఇందులో ఎక్కువ నూనె ఎక్కడుంది అన్నారు. అదే కుప్పలోంచి తీసిన గింజల్ని నేను బయట ల్యాబ్‌కి పంపిస్తే 43.3 అని రిపోర్టు వచ్చింది! మోసం చేశారనే అనిపించింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా. పాలకి వెన్న శాతం చూసి డబ్బులిస్తారు కదా, నూనెగింజలకి నూనె చూసి ఎందుకివ్వరు? వచ్చే సీజన్‌కి ముందే వాళ్లతో కూర్చుని మాట్లాడదాం అనుకుంటున్నాం, ఏం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

చుక్కచుక్క:
అన్నా, ముందు ఆ ల్యాబ్ రిపోర్టులో "డ్రై బేసిస్" అని ఎక్కడైనా ఉందేమో చూడండి. నేను ల్యాబ్‌లోనే పనిచేస్తా, ఈ గొడవ చాలాసార్లు చూశాను. డ్రై బేసిస్ అంటే గింజలో నీళ్లన్నీ లెక్కలోంచి తీసేసి మిగిలిన దాంట్లో నూనె ఎంత అని. మిల్లు మిషన్ మాత్రం సాధారణంగా గింజ ఉన్నదున్నట్టు, తేమతో కలిపి చూపిస్తుంది. మీ గింజలో తేమ 10 శాతం ఉందనుకోండి, 39ని 0.90తో భాగించండి, 43.3 వస్తుంది. అంటే రెండు అంకెలూ కరెక్టే అయ్యుండొచ్చు.

ఇంకోటి, మేం నూనె తీసే పద్ధతి వేరు. గింజని నూరి కాగితపు గొట్టంలో పెట్టి సాక్స్‌లెట్ అనే గాజు సెట్‌లో ఉంచుతాం. కింద హెక్సేన్ (నూనెని కరిగించుకునే ద్రావకం) కాగి ఆవిరై పైకెళ్లి, చల్లబడి మళ్లీ చుక్కచుక్కగా ఆ పొడి మీద పడుతుంటుంది, పొడి ఉన్న గాజు అర నిండగానే హెక్సేన్ నూనెతో సహా బుడుంగున కిందికి దిగిపోతుంది, మళ్లీ మొదలు. గంటల తరబడి అలా నడిచాక హెక్సేన్‌ని పోగొట్టి మిగిలిన నూనెని తూకం వేస్తాం. 1879లో జర్మనీ ఆయన సాక్స్‌లెట్ చేసిన ఏర్పాటే, ఇప్పటికీ దాన్నే నమ్ముతాం. మిల్లు మిషన్ నూనె తీయదు, గింజ మీదకి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి ఎంత పీల్చుకుందో చూసి అంచనా కడుతుంది. నిమిషంలో అయిపోతుంది కాబట్టి కొనే చోట అదే పనికొస్తుంది, కాకపోతే పొద్దుతిరుగుడుకి వేరే, ఆవాలకి వేరే క్యాలిబ్రేషన్ (అంకె సరిగ్గా చూపేలా మిషన్‌ని సెట్ చేయడం) ఉండాలి, దాన్ని మధ్యమధ్యలో ల్యాబ్ అంకెతో సరిచూస్తుండాలి. సరిచూసి ఎన్నాళ్లైందో అడగండి, అది మీ హక్కు.

ఎర్రనేల:
మేడం, ఇప్పుడే చూశా, రిపోర్టు అడుగున డ్రై బేసిస్ అనే ఉంది. మిల్లు చీటీలో తేమ 10 అని రాశారు. లెక్క సరిగ్గా కుదిరింది. నేను వాళ్లని అనవసరంగా అనుమానించా, బాధగా ఉంది. మరి ఇప్పుడు నూనె శాతం మీద రేటు అడగొచ్చా?

పాతకాటా:
అడగొచ్చు తమ్ముడూ, కానీ ఆగి అడుగు. నేను చాలా ఏళ్లు మిల్లుల్లో సరుకు కొనే పని చేశా, ఇప్పుడు మానేశాను కాబట్టి ఉన్నది చెప్తా. నూనె చూసి డబ్బులివ్వడం కొత్తేం కాదు. ఆస్ట్రేలియాలో కనోలాకి (ఆవాల జాతి నూనెగింజ) 42 శాతాన్ని బేస్ అంటారు, దానికన్నా ఒక పాయింట్ పెరిగితే రేటు 1.5 శాతం పెరుగుతుంది, ఒక పాయింట్ తగ్గితే అంతే కోత. యూరప్‌లో రేప్‌సీడ్‌కి (ఇదీ ఆవాల జాతిదే) 40, పొద్దుతిరుగుడుకి 44 బేస్‌గా పెట్టుకుని, తేమ 9, చెత్త 2 అని కాంట్రాక్టులో రాసుకుంటారు. కెనడాలో అలా కాదు, కనోలా గ్రేడు చూసేటప్పుడు దెబ్బతిన్న గింజలు, పచ్చగా మిగిలిపోయిన గింజలు చూస్తారు, నూనె శాతం గ్రేడులో ఉండదు.

ఆ 1.5 ఎక్కడిదంటావా. 42 కాస్తా 43 అయితే నూనె దాదాపు 2.4 శాతం పెరిగినట్టు. కానీ నూనె పెరిగిన మేరకి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) తగ్గుతుంది కదా, చెక్కకీ ధర ఉంది. అందుకే మిల్లుకి మిగిలే లాభం 2.4 కాదు, అంతకన్నా తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. యూరప్ లెక్క నీకు పెట్టామనుకో, నీ 39కి 44తో పోలిస్తే ఐదు పాయింట్లు తక్కువ, పాయింట్‌కి అదే 1.5 చొప్పున 7.5 శాతం కోత పడుతుంది! నూనెకి డబ్బులివ్వండి అని వెళ్లి ఉన్నది కూడా పోగొట్టుకుంటావ్. అందుకే బేస్ ఎంత అన్నదే పెద్ద బేరం. ఆ మిల్లుకి రెండు మూడు సీజన్లలో వచ్చిన సరుకు సగటు నూనె ఎంతో చూపించమను, ఆ సగటునే బేస్‌గా పెట్టమను. అప్పుడు మంచి సరుకు తెచ్చినోడికి పెరుగుతుంది, ఇప్పుడేమో అందరి గింజలూ ఒకే గోదాంలో కలిసిపోయి మంచి సరుకు తెచ్చినోడి నూనె విలువ, నూనె తక్కువున్న సరుకు తెచ్చినోడి ఖాతాలోకి పోతోంది.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. తేమకని బరువులో తరుగు తీస్తారు, మళ్లీ అదే తేమతో తక్కువగా కనిపించే నూనె శాతం మీద రేటు కోస్తారు. అంటే ఒకే నీటికి రెండుసార్లు కోత. బరువుని ఏ తేమకి దించి లెక్క వేశారో నూనె శాతం కూడా అదే తేమకి వేయాలి. నీ సరుకు 9 శాతం తేమకి తెస్తే 39 కాస్తా 39.4 అవుతుంది. లారీ లోడు మీద అది చిన్న తేడా కాదు.

గట్టుమీద:
పాతకాటా గారు చెప్పింది బంగారంలాంటి మాట. నాది కూడా అనుభవమే, శాతం వెంట పడి దిగుబడి మర్చిపోయి దెబ్బతిన్నా. ఒక రకం ఎకరాకి 950 కిలోలు 40 శాతంతో, ఇంకో రకం 800 కిలోలు 44 శాతంతో వచ్చిందనుకోండి. బేస్ 40 అయితే రెండోదానికి నాలుగు పాయింట్లకి 6 శాతం ఎక్కువ రేటు, అంటే 848 కిలోలకి ఇచ్చినట్టు, అయినా మొదటిదాని 950కి చాలదు. నూనె లెక్కన చూసినా 380 కిలోలు, 352 కిలోలు. విత్తనం ప్యాకెట్ మీద శాతం ఒక్కటే చూసి కొనకండి.

అలాగే 39 రావడానికి మీ హైబ్రిడ్ తప్పే కానక్కర్లేదు. గింజ పాలుపోసుకునే టైమ్‌లో ఎండలు మండినా, నీళ్లు అందకపోయినా నూనె పడిపోతుంది, ప్రొటీన్ పెరుగుతుంది. యూరియా లేటుగా ఎక్కువ వేసినా అంతే. తాలు గింజలు ఎక్కువుంటే పొట్టు బరువే మిగులుతుంది, నూనంతా లోపలి పప్పులోనే కదా ఉండేది. సోవియట్ కాలంలో పుస్తోవోయిత్ అనే ఆయన పొద్దుతిరుగుడులో నూనెని అంతగా పెంచాడంటే అందులో పెద్ద భాగం పొట్టు పల్చబరచడమే. మీరు వంద గింజలు తీసుకుని పొట్టు వలిచి, పొట్టునీ పప్పునీ వేర్వేరుగా తూచి చూడండి, మీ పొలంలో ఏం జరిగిందో కొంత అక్కడే తెలుస్తుంది.

చుక్కచుక్క:
శాంపిల్ గురించి కూడా మాట్లాడుకోండి దయచేసి, మిషన్ ఎంత మంచిదైనా శాంపిల్ చెడితే అంతా పోయినట్టే. లోడు కదిలినప్పుడు తాలు, పొట్టు ఒకచోట, బరువు గింజలు ఇంకోచోట చేరతాయి. పైన గుప్పెడు తీస్తే ఒక అంకె, అడుగున తీస్తే ఇంకో అంకె. గొట్టం గుచ్చి చాలాచోట్ల నుంచి తీసి కలిపి, దాన్ని మూడు భాగాలు చేసి సీల్ వేయాలి, ఒకటి మీకు, ఒకటి వాళ్లకి, ఒకటి తగాదా వస్తే మూడో ల్యాబ్‌కి. మీ రైతు ఒకరు శాంపిల్ తీసేటప్పుడు పక్కనే నిలబడాలి. తడి సరుకు కుప్పగా పోసి ఉంచొద్దు, లోపల వేడెక్కి నూనెలో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (నూనె విడిపోయి ఏర్పడే ఆమ్లాలు) పెరుగుతాయి, శుద్ధి చేసేటప్పుడు ఆ మేరకి నూనె పోతుంది, నూనె శాతం బాగున్నా మిల్లువాళ్లు అప్పుడు మొహం చాటేస్తారు.

ఎర్రనేల:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. రేపే మావాళ్లకి ఈ మెసేజ్‌లన్నీ చదివి వినిపిస్తా. మేం అడగబోయేవి ఇవే, రెండు మూడు సీజన్ల సగటు చూపించమని, తేమకి రెండుసార్లు కోయొద్దని, మూడు సీల్ శాంపిళ్లు కావాలని. వంద గింజల పని మా అమ్మాయి ఇప్పుడే మొదలెట్టింది, పొట్టు ఒక గిన్నెలో పప్పు ఒక గిన్నెలో వేస్తోంది, తూకం రాగానే ఇక్కడ పెడతా.