జపాన్ నవల చదవడానికి ‘గిరి’, ‘అమాయె’ ముందే తెలిసి ఉండాలా?

ప్రశ్న (గవర్నర్‌పేట, విజయవాడ):
నట్సుమే సోసెకి 1914లో దినపత్రికకు ధారావాహికగా రాసిన ‘కొకొరో’ను ఆంగ్లానువాదంలో చదివాను. 1912 సెప్టెంబరు 13న, మెయిజి చక్రవర్తి అంత్యక్రియల నాడు, జనరల్ నోగి భార్యతో సహా ప్రాణాలు తీసుకున్నాడు. ఆ కబురు విన్న కొద్ది రోజులకే నవలలో ‘సెన్సెయ్’ (గురువుగారు) అని పిలిచే పాత్ర తానూ చనిపోవాలని నిశ్చయించుకోవడం నాకు అంతుపట్టలేదు. ‘గిరి’ (సంబంధాల వల్ల మనిషి మీద పడే రుణం, బాధ్యత) వంటి జపాన్ భావనలు తెలియనిదే ఇది అర్థం కాదని మిత్రులొకరు అన్నారు. ఇది నిజమేనా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
అమ్మా, ఆ భావనలు తెలిస్తే మంచిదే గాని, దీన్ని ‘సమురాయ్ స్వామిభక్తి’ అని తేల్చేస్తే మాత్రం నవల చేజారిపోతుంది. నోగి 1877 తిరుగుబాటులో తన పటాలం జెండాను శత్రువులకు పోగొట్టుకున్నాడు. చావాలనుకుంటూనే అతడు 35 ఏళ్లు బతికాడని సెన్సెయ్, కథ చెప్పే యువకుడికి రాసిన చివరి లేఖలో లెక్కకట్టి, ఆ ఏళ్లు ఎక్కువ బాధపెట్టాయా, కత్తి దిగిన క్షణమా అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. మిత్రుడు ‘కె’కు చేసిన ద్రోహాన్ని ఏళ్ల తరబడి గుండెల్లో దాచుకున్న మనిషి మాత్రమే అలా లెక్కకట్టగలడని నా నమ్మకం.

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ):
‘గిరి’ని కర్తవ్యం అని అనువదించి ఊరుకోవడం నాకు మొదటినుంచీ నచ్చదు. జపాన్ నాటకకర్త చికమత్సు 1721 నాటి బొమ్మల నాటకంలో, కాగితాల వర్తకుడు జిహెయ్‌ని విడిచిపెట్టమని అతని భార్య ఒసాన్ వేశ్య కొహారుకు రహస్యంగా ఉత్తరం రాస్తుంది, కొహారు ఆ మాటకు కట్టుబడుతుంది. తీరా ఆమె చావుకు సిద్ధపడిందని గ్రహించిన ఒసాన్, ఆమెను విడిపించే సొమ్ము కోసం తన బట్టలనూ పిల్లల బట్టలనూ తాకట్టుకు తీస్తుంది. ఆ ఇద్దరు స్త్రీల నడుమ ఉన్నది గిరి. ‘ఆమె రుణం ఉంచుకోలేను’ అని మన ఇళ్లలో అనే మాట దానికి దగ్గరగా వస్తుంది.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
‘అమాయె’ (ఎదుటివారి ఆదరణ మీద భరోసాతో ఆధారపడటం) గురించి ఒక్క మాట. మనోవైద్యుడు తకెయొ దోయి 1971లో దీనిపై గ్రంథం రాసి, పాశ్చాత్య భాషల్లో ఇందుకు సరైన మాట లేదని వాదించాడు. మనకు మాత్రం ‘గారాలు పోవడం’ ఉండనే ఉంది. అయితే దోయి దాన్ని పెద్దవాళ్ల సంబంధాలకూ వర్తింపజేస్తాడు, అక్కడ మనకు ‘గారం’ చాలదు, ‘చనువు’ను కూడా తోడు తెచ్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఆ లేఖ మళ్లీ చదివాను. తన భార్య బతికి ఉన్నంతకాలం ఆమెకు ఇదేమీ తెలియనివ్వవద్దని సెన్సెయ్ చివర్లో కోరతాడు. ఒసాన్ గురించి చదివాక ఆ కోరికే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఆయన అది ఆమె మేలు కోరి చేసిందే కావచ్చు, కానీ ఆమెకు చెప్పవలసిన రుణం ఆయనకు లేదా?