రాగి నారు పోసి నాటాలా, వెదజల్లాలా? (హోస్కోట దగ్గర 20 గుంటలు, వానాధారం)

మారతహళ్ళి శ్రీను:
హోస్కోట దాటాక మాకు 20 గుంటల (అర ఎకరం) ఎర్రనేల ఉంది, బోరు లేదు. నా ఉద్యోగం బెంగళూరు మారతహళ్ళిలో, శని ఆదివారాలే పోగలను. పోయినేడు వెదజల్లితే కలుపు కమ్మేసి మూడు మూటలు కూడా రాలేదు. ఈసారి నాటమంటున్నారు. ఏది మేలు?

చింతామణి రెడ్డి:
బోరు లేనప్పుడు నాటు జోలికి పోవద్దు తమ్ముడూ. నారు 21 నుంచి 25 రోజుల్లో నాటాలి. ఆ వారం వాన రాకపోతే మడిలోనే ముదిరిపోతుంది, ముదురు నారు పిలకలు వేయదు. నేను చేసి చెడిపోయినవాణ్ణి. ఒక ఏడు 40 రోజుల నారు నాటాను, మొక్కకు ఒకటీ రెండు కంకులు, అవీ గుప్పెడంత లేవు. ఎకరాకు నాలుగు కిలోలు వెదజల్లి చూడు.

చోడంబలి లక్ష్మి:
విజయనగరం వైపు మేము చోళ్ళు (రాగికి మా వైపు పేరు) నాటుతాం, ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. వెదజల్లిన చేలో అసలు కష్టం ఏమిటంటే, రాగిలాగే ఉండే గడ్డి ఒకటి వస్తుంది. చిన్నప్పుడు ఆకు అదే, రంగు అదే. మొదలు పట్టుకు చూస్తే ఆ గడ్డి తెల్లగా, అణిచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఒక్కో మొక్కా వంగి చూసుకుంటూ పోవాలి. వరుసల్లో ఉంటే ఆ బాధ ఉండదు, మధ్యలో మొలిచిందంతా కలుపే.

యలహంక కిరణ్:
హావేరి వైపు గుళి రాగి పద్ధతి చూడండి. అడుగున్నర ఎడంతో చిన్న గుంతలు తీసి, ఒక్కో గుంతలో రెండు మొక్కలు పెడతారు. కాస్త ఎదిగాక పైన కొయ్య లాగి మొక్కల్ని వంచుతారు, దాంతో పిలకలు బాగా వస్తాయి.

చింతామణి రెడ్డి:
బతికిన మొక్క మీద కొయ్య లాగడమేంటి కిరణ్ గారూ? వేరు కదిలాక వాన లేకపోతే ఏం చేస్తారు?

యలహంక కిరణ్:
వేరు పట్టాకే లాగుతారు, ముందు కాదు. నేను చూశాను.

చింతామణి రెడ్డి:
చూడటం వేరు, చేయడం వేరు. ఎవరి చేలోనో చూసి మా చేలో కొయ్య లాగమంటే ఎలా?

కోలారు పిల్లోడు:
ఏ పద్ధతైనా విత్తనం చూసుకోండి. జీపీయూ 28 రకం అగ్గి తెగులుకి తట్టుకుంటుంది.

చోడంబలి లక్ష్మి:
కొయ్య గొడవ పక్కన పెట్టండి. రెడ్డి గారూ, మీరు వెదజల్లమన్నారు. ఆ కలుపు ఎవరు తీస్తారో ఎక్కడా రాయలేదు. మా అమ్మ 30 ఏళ్ళు తీసింది, ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. విత్తడం మగవాళ్ళకు అరపూట పని, తర్వాత నెలంతా ఆడవాళ్ళ నడుం మీదే.

చింతామణి రెడ్డి:
నాటేది మాత్రం ఎవరమ్మా? అదీ ఆడవాళ్ళే, అదీ వంగే. మా ఇంటావిడే ముందు సాలు పట్టేది. నేను కష్టం తెలియనివాణ్ణి అన్నట్టు రాస్తే బాధేస్తుంది.

చోడంబలి లక్ష్మి:
మిమ్మల్ని అనలేదు. కూలి లెక్కలో ఇంటి ఆడవాళ్ళ పని ఎవరూ కట్టరు, నా బాధ అది. శ్రీను గారూ, పోయినేడు మీ చేలో కలుపు ఎవరు తీశారు?

మారతహళ్ళి శ్రీను:
అమ్మ. ఒక్కతే ఉంటుంది ఊళ్ళో, 64 ఏళ్ళు. ఇది చదివి ఇప్పుడే ఫోన్ చేశాను. నాటడమైనా కలుపైనా తన వల్ల కాదంది. పోయినేడే చెప్పిందట, నేనే పట్టించుకోలేదు.

చింతామణి రెడ్డి:
అట్లయితే నాటూ వద్దు, వెదజల్లడమూ వద్దు. గొర్రుతో సాళ్ళు పట్టి విత్తు, ఆరేడు సాళ్ళకు ఒక సాలు అనుములు వేసుకో. మొలిచాక సాళ్ళ మధ్య గుంటక తిప్పితే సగం కలుపు పోతుంది. గొర్రు నా దగ్గరుంది, వాన పడ్డాక నేల పదును చూసి చెప్పు, తెస్తాను.

చోడంబలి లక్ష్మి:
సాళ్ళలో, మొక్కల మధ్య ఉండే కలుపుకి గుంటక అందదు. అది చేత్తోనే తీయాలి, 20వ రోజుకల్లా.

మారతహళ్ళి శ్రీను:
ఆ వారం సెలవు పెడతాను. ఇద్దరు కూలీల్ని కూడా ఇప్పుడే మాట్లాడుకుంటాను. రెడ్డి అన్నా, మీ నంబరు మెసేజ్‌లో పెట్టండి.