వేమన ‘కొదువ’, ఇంజను ‘లీన్’: ఒకటేనా?

మీటరుముల్లు: కార్బ్యురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టిన పాత కారుకు ఇంధన పట్టిక (ఇంజను ఏ స్థితిలో ఎంత పెట్రోలు పోయాలో గళ్లలో రాసిన పట్టిక) ఎలా దిద్దుకోవాలో మిత్రుల కోసం తెలుగులో రాస్తున్నాను. ఒకచోట వేమన పాదం పెట్టాలని ఉంది. ‘కొంచెమైన నదియు కొదువ గాదు, కొండ అద్దమందు కొంచెమై యుండదా’ అని నోటికి వస్తోంది, కానీ మధ్యలో ఎక్కడో అతుకు తెలుస్తోంది. ఎందుకు కావాలంటే, చదునైన రోడ్డు మీద నిదానంగా పోతున్నప్పుడు పెట్రోలు ఒక పాలుకు గాలి 15.5 పాళ్లున్నా ఇంజను ఏమీ అనుకోదు. అది ‘కొంచెము’. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు అదే అంకె కనిపిస్తే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజను టకటకలాడడం) మొదలవుతుంది, పిస్టన్‌కే ఎసరు. అక్కడ టర్బో లేని ఇంజనుకు 12.5, 13 మధ్య ఉండాలి. కాబట్టి అది ‘కొదువ’. రెంటినీ మనం ‘లీన్’ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాం. వేమన ఈ తేడా పట్టుకున్నాడనిపిస్తోంది.

యతిమైత్రి: మీరు రెండు పద్యాలు కుట్టేశారు. ‘అనువుగాని చోట’లో ఉన్నది ‘కొంచెముండుటెల్ల కొదువ గాదు’, దాని తరువాతే కొండ, అద్దం. ‘కొంచెమైన నదియు’ అన్నది ‘చిత్తశుద్ధి గలిగి’ పద్యం. అక్కడ వచ్చేది మర్రివిత్తనం. తోక ఒకటే కావడంతో చాలామంది ఇలాగే జారతారు.

తాటాకు: తోక సంగతి సరే, అది ‘కొదువ’యేనా? మా తాతగారు ‘కొరత గాదు’ అనే చదివేవారు. అర్థంలో తేడా ఉంది. ఉండవలసినది లేకపోతే కొరత. కొదువలో లోటుతో పాటు చిన్నతనం కూడా ధ్వనిస్తుంది. ‘మాకేం కొదువ’ అని మీసం దువ్వుతాం, ‘మాకేం కొరత’ అంటే ఆ దర్పం రాదు.

యతిమైత్రి: మీ తాతగారికి నమస్కారం. కానీ మీరు చెప్పిన కారణమే కొదువను గెలిపిస్తోంది కదా! పరాయి చోట తగ్గి ఉండటం చిన్నతనం కాదనే కదా పద్యం. ఇక ఛందస్సు మనకు సాయపడదు. కొదువ, కొరత రెండూ మూడు లఘువులే, యతి కూడా రెంటికీ కుదురుతుంది.

కడివెడు: మా ఇంట్లో ‘ఉంగరం కొదువ పెట్టారు’ అంటే తాకట్టు పెట్టారని. ఆ అర్థంలో చదివి చూడండి: తగ్గి ఉండటం తాకట్టు పడటం కాదు! ఎంత పదునుగా ఉందో.

యతిమైత్రి: అది కుదువ.

కడివెడు: కానివ్వండి. ఉ, ఒ మిత్రాలే కదా, ‘కొం’కి ‘కు’తో యతి చెల్లుతుంది.

యతిమైత్రి: చెల్లినదల్లా పాఠం కాదు. బ్రౌన్ 1829లో వేమనను అచ్చు వేయించేనాటికే ప్రతికొక పాఠం. మనమూ ఒకటి చేర్చకపోతే వేమనకు వచ్చే నష్టమేమీ లేదు.

సిలిండరుశాస్త్రి: మీరంతా కొదువ దగ్గరే ఆగిపోయారు. ఈ పద్యంలో ట్యూనింగుకు పనికొచ్చే మాట ‘అద్దమందు’. పొగగొట్టంలో ఆక్సిజన్‌ను చూసే వైడ్‌బ్యాండ్ సెన్సారు కొలిచేది లాంబ్డా, అంటే మన గాలి-పెట్రోలు నిష్పత్తి సరిసమానపు నిష్పత్తికి (గాలీ పెట్రోలూ రెండూ మిగలకుండా కాలే పాళ్లకు) ఎన్ని రెట్లో. మీటరు దాన్ని మామూలు పెట్రోలు సరిసమానపు నిష్పత్తి 14.7తో గుణించి చూపిస్తుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సరిసమానపు నిష్పత్తి దాదాపు 13.5. అయినా లాంబ్డా ఒకటి దగ్గర ఉంటే మీటరు 14.7 అనే చెబుతుంది. పక్కవాడు తన మీటరును 13.5కు మార్చుకుంటే అదే మంటకు అతనికి కనిపించే అంకె వేరు. అది చూసి ‘నీది రిచ్ (పెట్రోలు ఎక్కువ), నాది లీన్’ అని వాదించుకుంటారు. కొండ మారలేదు, అద్దం మారింది. అసలు చిక్కు మరొకటి. మామూలు పెట్రోలుకు దిద్దిన పట్టికను అలాగే ఉంచి ఈ ఇంధనం పోస్తే ఇంజెక్టరు ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ పోసినట్టే. పైగా మిస్‌ఫైర్ అయితే, అంటే సిలిండరులో మంట అంటుకోకపోతే, కాలని ఆక్సిజన్ పొగగొట్టంలోకి వచ్చి, మిశ్రమం రిచ్‌గా ఉన్నా మీటరు లీన్ అంటుంది. దాన్ని నమ్మి ఇంకా పెట్రోలు పోసేవాళ్లను చూశాను.

మీటరుముల్లు: అద్దం వ్యాఖ్య అద్భుతం, తీసుకుంటున్నాను. గడి దిద్దే లెక్క ఇలా రాశాను: పాత విలువను వచ్చిన నిష్పత్తితో గుణించి, కావలసిన నిష్పత్తితో భాగించాలి. గడిలో 60 ఉంది, 13 కావాలి, 14.3 వచ్చింది. కొత్త విలువ 66.

సిలిండరుశాస్త్రి: లెక్క సరే. కొలిచేటప్పుడు ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) తనంతట తాను చేసుకునే సవరణ ఆపివుంచాలని రాయండి. లేకపోతే అది రహస్యంగా దిద్దినదాన్ని మీరు కొలుస్తారు. ఆర్‌పీఎం, మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం) పీడనం ఒక గడిలో కాసేపు నిలకడగా ఉన్నప్పటి అంకెలే తీసుకోవాలి.

తాటాకు: మీకు కావలసింది అసలు ‘అనువుగాని చోట’ కాదు, ‘గంగిగోవు పాలు గరిటెడైన చాలు’. పోసేది ఎంత అన్నదానికంటే ఎలాంటిది అన్నది ముఖ్యం.

సిలిండరుశాస్త్రి: ఇక్కడ మొత్తం గొడవే ఎంత పోయాలన్నది కదండీ!

యతిమైత్రి: ముందు పాదం సరిగ్గా చదవండి. ‘గరిటెడైనను చాలు’. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు రావాలి. ‘గరిటెడై’ నగము (మూడు లఘువులు, ఒక గురువు), ‘నను చాలు’ సలము (రెండు లఘువులు, గురువు, లఘువు). మీరు ‘ను’ మింగేస్తే అయిదో గణం కూలిపోతుంది.

కడివెడు: ‘గరిటెడు’ ఎక్కడ, ‘గరిటడు’ అనే విన్నాను.

తాటాకు: గరిటడు అంటే ఏమిటండీ, మగ గరిటా?

యతిమైత్రి: ‘టె’ అయినా ‘ట’ అయినా లఘువే. ఇక మొదలుపెట్టండి.