కసోర్లా కొండల్లో జలపాతాల నడక: బొరోసా దారి మొత్తం ఎక్కాలా, సగంలో ఆగాలా?

నీలిఏరు

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో స్పెయిన్ దక్షిణాన ఉన్న కసోర్లా కొండలకు వెళ్తున్నాం. బొరోసా నది పక్కనే నడుస్తూ పైన జలపాతాల దాకా వెళ్ళాలని నాకు చాలా కోరికగా ఉంది. మాతో అత్తయ్య, మామయ్య కూడా వస్తున్నారు. ఇద్దరూ రోజూ నడిచేవాళ్ళే, కానీ దిగేటప్పుడు మామయ్యకి మోకాళ్ళు నొప్పి పెడతాయి. వాళ్ళు ఇబ్బంది లేకుండా ఎక్కడిదాకా రాగలరు? పైన చీకటి సొరంగాల్లోంచి నడవాలట, అది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

దారిబత్తెం

నీలిఏరు గారూ, ఈ దారిని రెండు ముక్కలుగా చూడండి. తోర్రె దెల్ వినాగ్రె సందర్శకుల కేంద్రం దగ్గర మెయిన్ రోడ్డు వదిలి నది దాటితే చేపల పెంపకం కేంద్రం వస్తుంది. నడక అక్కడే మొదలు. అక్కడి నుంచి జలవిద్యుత్ కేంద్రం దాకా ఏడు కిలోమీటర్లు ఉంటుంది, ఎక్కుడు పెద్దగా తెలియదు. చాలావరకు వెడల్పాటి మట్టి రోడ్డే. సందర్శకుల బండ్లు రానివ్వరు కాబట్టి నిశ్చింతగా నడవచ్చు.

మధ్యలో సెర్రాదా దె ఎలియాస్ అనే ఇరుకు లోయ ఉంది. రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, ఆ గోడకే బిగించిన చెక్క బాట, కాళ్ళ కింద నది. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. మొదలుపెట్టిన చోటి నుంచి నాలుగు కిలోమీటర్ల లోపే. మీ అత్తయ్యగారు, మామయ్యగారు అక్కడిదాకా తప్పకుండా రావాలి.

విద్యుత్ కేంద్రం దాటాకే అసలు ఎక్కుడు. పైన అగ్వాస్ నెగ్రాస్ చెరువు దాకా వెళ్తే ఒక వైపే దాదాపు 11 కిలోమీటర్లు. మొత్తం ఎక్కుడు సుమారు 600 మీటర్లు, అందులో ఎక్కువ భాగం చివరి నాలుగు కిలోమీటర్లలోనే. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఆ దిగుడు వద్దనే చెప్తాను.

రాయీరప్పా

పెద్దవాళ్ళ సంగతిలో దారిబత్తెం గారితో ఏకీభవిస్తా. కానీ నీలిఏరు గారూ, మీరు మాత్రం ఆగకండి. కింద నది పొడవునా చిన్న చిన్న దూకుళ్ళు, మడుగులు చాలానే ఉన్నాయి, బాగుంటాయి కూడా. కానీ జలపాతం అని మీరు ఊహించుకుంటున్నది పైనే ఉంది. సాల్తో దె లోస్ ఓర్గనోస్ అంటారు. విద్యుత్ కేంద్రం దాటి ఎక్కుతుంటే ఎదురుగా కనిపిస్తుంది. దాన్ని చూడకుండా వెనక్కి తిరగడం నాకైతే మనసొప్పదు.

మీరు ఇద్దరూ పైకి వెళ్ళండి, పెద్దవాళ్ళు లోయ చూసుకుని నెమ్మదిగా వెనక్కి వస్తారు. దారి తప్పే అవకాశం లేదు, నది పక్కనే కదా.

జలధార

ఏప్రిల్ మంచి నెల ఎంచుకున్నారు. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే సున్నపురాయి కొండల్లో జలపాతాల తీరే వేరు.

మామూలు కొండల్లో వాన పడితే వాగులు పొంగుతాయి. ఇక్కడ అలా కాదు. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సున్నపురాయి కొద్దికొద్దిగా కరిగి పగుళ్ళు పెద్దవవుతాయి. దాంతో పైన పడ్డ వాన, కరిగిన మంచు జల్లెడలో పోసినట్టు కిందికి దిగిపోయి, లోపలి గుహల్లో తిరిగి, ఎక్కడో ఒకచోట పెద్ద ఊటగా బయటపడతాయి. బొరోసా నది పుట్టేదీ అలాంటి ఊట నుంచే. అందుకే ఎండాకాలంలో కూడా అది పారుతూనే ఉంటుంది. వానల మీదే బతికే చిన్న వాగుల జలపాతాలు మాత్రం వేసవికి సన్నబడిపోతాయి. చలికాలపు వానలు, పైనున్న మంచు కరగడం అయ్యాక, మార్చి నుంచి మే దాకా వెళ్తే రెండూ నిండుగా కనిపిస్తాయి.

ఇదే కొండల్లో ఒక ఊట నుంచి పుట్టిన సెగూరా తూర్పుకి పోయి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. ఇక్కడే పుట్టిన గ్వాదల్‌కివీర్ పడమరకి తిరిగి అట్లాంటిక్ చేరుతుంది. బొరోసా ఈ గ్వాదల్‌కివీర్‌లోకే వస్తుంది.

ఒక మనవి. జలపాతాల అంచున, నాచు మీద గోధుమ రంగులో పెళుసుగా ఉండే రాయి కనిపిస్తుంది. నీటిలో కరిగిన సున్నం మళ్ళీ పేరుకుని తయారైన రాయి అది. నీళ్ళు దూకే చోట కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, సున్నం నాచుకి పట్టుకుంటుంది. అంత ఏర్పడటానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది, ఒక్క అడుగుకే విరిగిపోతుంది. ఫొటో కోసం దాని మీదికి ఎక్కకండి, ఎక్కేవాళ్ళని చూస్తే చెప్పండి.

చెట్టునీడ

జలధార గారు చెప్పింది నిజం. మేం ఆగస్టులో వెళ్ళాం. లినారేహోస్ జలపాతంలో నీళ్ళు అంతంతమాత్రమే. బొరోసాలో మాత్రం చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లటి నీళ్ళు! కానీ ఆ ఎండలో పైదాకా ఎక్కడం ఎవరికీ చెప్పను.

ఏప్రిల్‌లో లినారేహోస్ చూడండి, మామయ్యగారికి సరిగ్గా సరిపోతుంది. వదీయో కాస్త్రిల్ దగ్గర సెర్రాదా దె ఉత్రేరో అని చిన్న చుట్టుదారి, రెండు కిలోమీటర్లు కూడా ఉండదేమో. కాస్త ఎగుడుదిగుడు ఉంటుంది, అంతే. నది చెక్కిన లోయ, చిన్న ఆనకట్ట, ఎత్తు నుంచి పడే జలపాతం, అన్నీ ఒకే చోట.

ఇంకోటి. నీళ్ళు కారే రాతిగోడలకి నీడ పట్టున లేతాకుపచ్చ ఆకులు వేలాడుతూ కనిపిస్తే ఆగి చూడండి. జిగురు ఆకులతో పురుగుల్ని పట్టుకుని అరిగించుకునే మొక్క అది. ఇంత అందమైన చోట ఇలాంటిది పెరగడం చూసి మా పాప అక్కడి నుంచి కదల్లేదు.

నీలిఏరు

ఎంత వివరంగా చెప్పారండీ! మా ఆయన, నేను పైకి వెళ్దామని అనుకుంటున్నాం. మరి ఆ సొరంగాలు? బూట్లు ఎలాంటివి కావాలి?

రాయీరప్పా

సొరంగాలు జలపాతం పైన వస్తాయి, రెండు ఉన్నాయి. విద్యుత్ కేంద్రానికి నీళ్ళు తీసుకెళ్ళే కాలువ కోసం కొండలో తొలిచారు. కాలువ పక్కనే సన్నటి బాట. అక్కడక్కడా లోయవైపు కిటికీల్లాంటి కంతలు ఉంటాయి, వెలుగొస్తుంది. మిగతాచోట చీకటే. తలకి పెట్టుకునే టార్చ్ తీసుకెళ్ళండి, ఫోన్ లైటుతో ఒక చెయ్యి ఇరుక్కుపోతుంది. లోపల కొన్నిచోట్ల పైకప్పు తక్కువ ఎత్తు, మీ ఆయన పొడగరి అయితే వంగాలి. భయపడేంత లేదు, బయటికి రాగానే చెరువు.

ఓపికుంటే ఇంకాస్త నడిచి వాల్దెఅసోరెస్ చెరువు కూడా చూడొచ్చు. తల పైకెత్తి చూస్తూ ఉండండి, రాబందులు తిరుగుతుంటాయి. ఈ కొండల్లో లేకుండా పోయిన గడ్డం రాబందుల్ని 2006 నుంచి మళ్ళీ వదులుతున్నారు. కనిపిస్తే అదృష్టమే.

దారిబత్తెం

బూట్ల గురించి: అడుగు గట్టిగా పట్టుకునే ట్రెకింగ్ బూట్లే కావాలి. జనం నడిచి నడిచి నున్నబడిన సున్నపురాయి, తడిస్తే జారుతుంది. మామూలు స్పోర్ట్స్ షూలు కింది భాగానికి చాలు. పెద్దవాళ్ళకి చేతికర్రలు ఇవ్వండి, మోకాళ్ళ మీద భారం చాలా తగ్గుతుంది. ముందురోజు గట్టి వాన పడినా, ఉరుములతో వాన అని సూచన ఉన్నా ఇరుకు లోయలోకి వెళ్ళొద్దు, నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి.

తాగునీళ్ళు మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్ళండి. నది పక్కనే కదా అని ఆ నీళ్ళు తాగకండి. సున్నపురాయి పగుళ్ళలోంచి వచ్చే నీటికి వడపోత ఉండదు, పైన గొర్రెలు మేసిన చోటి మురికి కూడా అలాగే దిగొస్తుంది.

జలధార

వారాంతం అయితే తెల్లారగానే చేరుకోండి, పార్కింగ్ నిండిపోతుంది. ఆలస్యంగా మొదలుపెడితే తిరుగు దారిలో లోయలో ముందే చీకటి పడుతుంది. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ఫోన్‌లో ముందే దించుకోండి. అత్యవసరానికి నంబరు 112.

నీలిఏరు

సరే, ఇలా అనుకున్నాం. మొదటి రోజు సాయంత్రం అందరం లినారేహోస్. మర్నాడు పొద్దున్నే బొరోసా, చెక్క బాట దాకా నలుగురం, అక్కడి నుంచి మేమిద్దరం పైకి. సరిపోతుందా?

చెట్టునీడ

సరిపోతుంది. కారు తాళం అత్తయ్యగారి దగ్గరే ఉంచండి. సిగ్నల్ ఉండదు కాబట్టి ఏ టైముకి, ఎక్కడ కలుసుకోవాలో పైకి వెళ్ళేముందే అనుకోండి. ఆ టైముకి మీరు ఇంకా చెరువు చేరకపోయినా తిరిగి వచ్చేయాలి, లేకపోతే కింద వాళ్ళు కంగారుపడతారు.